గనుల సమాచారము: ఊరి పేరుతో వెదకిన దొరకునా?

భూమిని గురించి తెలిసికొనగోరువారికి హైదరాబాదు నగరపు తూర్పు భాగమును మించిన చోటు మన రాష్ట్రములో లేదనవచ్చును. ఉప్పల్‌కు పోవు రోడ్డుపై హబ్సిగూడ వద్ద జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. అది 1961లో స్థాపింపబడినది. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వారి ఆవరణము, అందులోనే సర్వేయర్లకు శిక్షణనిచ్చు సంస్థ కలవు. అక్కడినుండి నాగోలు మీదుగా బండ్లగూడకు పోయినచో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ మండల కార్యాలయము, ఆ ప్రాంతముననే కేంద్ర భూగర్భజల మండలి కార్యాలయము కనబడును. నేల లోతులను పరీక్షించువారు, పటములు గీయువారు, రాళ్ళ వయస్సు కట్టువారు, బావుల నీటిమట్టము లెక్కించువారు, అందరును మన ఇరుగుపొరుగువారే. మనము ఇండ్లు కట్టుకొన్న ఈ గ్రానైటు శిల సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిదని మనకు చెప్పినవారు ఇట్టి శాస్త్రజ్ఞులే.

ఈ ఇరుగుపొరుగు నడుమ ఒక కళాశాలలో పాఠము చెప్పుచున్న నేను, డిగ్రీ మొదటి సంవత్సరపు విద్యార్థులకు చిన్న పని ఒకటి అప్పగించినాను. మీ స్వగ్రామమునకు గాని, మీ బంధువుల ఊరికి గాని దగ్గరలో ఉన్న ఒక గనినో, క్వారీనో ఎంచుకొనుడు. అక్కడ ఏమి త్రవ్వుచున్నారు? ఎవరి అనుమతితో త్రవ్వుచున్నారు? ఆ అనుమతిలో పెట్టిన షరతులు ఏవి? అవి నెరవేరుచున్నవా? ఈ నాలుగు ప్రశ్నలకు అంతర్జాలములో దొరకు ప్రభుత్వ పత్రములనుండి జవాబులు తెచ్చి రెండు పేజీలు వ్రాయుడు. గడువు రెండు వారములు.

గడువు ముగిసినది. నాలుగు ప్రశ్నలకును జవాబు తెచ్చినవారు తరగతిలో ఒక్కరు లేరు. పిల్లలు సోమరులని కాదు. కొందరు రాత్రులు మేల్కొని వెదకినారు. నేను స్వయముగా కూర్చుండి వెదకిన తరువాత గాని వారి కష్టము నాకు బోధపడలేదు. సమాచారము లేక పోవుటవలన వచ్చిన చిక్కు కాదు ఇది. సమాచారము కుప్పలుగా ఉన్నది. అయితే ఆ కుప్పను పేర్చినవారు ఎవరి అవసరమును తలచి పేర్చినారన్నదే ప్రశ్న.

మొదట మంచి చెప్పవలెను. నాగపూరు కేంద్రముగా పనిచేయు ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్ 1948లో ఏర్పడినది. ఆ సంస్థ ప్రకటించు ఖనిజ వార్షిక గ్రంథము మూడు సంపుటములుగా వెలువడును. ఎవరైనను ఉచితముగా దించుకొనవచ్చును. ఏ ఖనిజము దేశములో ఎంత ఉన్నది, ఎంత తవ్వితీసినారు, ఎంత ఎగుమతి అయినది, దానితో ఏ పరిశ్రమలు నడచుచున్నవి అను విషయములు అందులో ఓపికగా కూర్చబడినవి. సున్నపురాయిని గురించో, ముగ్గురాయిని గురించో పాఠము చెప్పదలచిన ఉపాధ్యాయునికి ఇంతకంటె నమ్మదగిన పుస్తకము లేదు. జియలాజికల్ సర్వేవారి భూకోశ్ అను వెబ్‌సైటులో శిలల పటములు ఉన్నవి. సర్వే ఆఫ్ ఇండియావారు 2017లో నక్షే అను పేరుతో తమ స్థలాకృతి పటములను ప్రజలకు విడుదల చేసినారు. ఒకప్పుడు కార్యాలయమునకు పోయి, దరఖాస్తు పెట్టి, డబ్బు కట్టి తెచ్చుకొనవలసిన పటములు ఇవి. పర్యావరణ అనుమతులకై వచ్చిన దరఖాస్తులు, వాటితోపాటి నివేదికలు 2018 ఆగస్టులో ప్రారంభమైన పరివేశ్ అను వెబ్‌సైటులో చేరుచున్నవి. ఇరువది ఏండ్ల క్రిందట ఇవన్నియు బీరువాలలో ఉండెడివి. ఈ మార్పును తక్కువచేసి మాట్లాడుట న్యాయము కాదు.

అయినను మా విద్యార్థులు ఎక్కడ ఆగిపోయినారు?

ఒక అమ్మాయి ఊరి ప్రక్కన రాతి క్వారీ, దానిని ఆనుకొని కంకర మిషను ఉన్నవి. ఆమె ఖనిజ వార్షిక గ్రంథము తెరచి తమ ఊరి క్వారీకోసము మూడు రోజులు వెదకినది. దొరకలేదు. దొరకదు కూడ. 1957 నాటి గనులు, ఖనిజముల చట్టము ఖనిజములను రెండు పంక్తులుగా కూర్చుండబెట్టినది. ఇల్లు కట్టు రాయి, కంకర, ఇసుక, మామూలు మట్టి మొదలైనవి చిన్నతరహా ఖనిజములు. వాటి పెత్తనము రాష్ట్ర ప్రభుత్వమునది. సున్నపురాయి, ఇనుప ఖనిజము వంటివి పెద్దతరహా ఖనిజములు. బ్యూరో ఆఫ్ మైన్స్ పర్యవేక్షించునది వీటిని. బొగ్గుకు వేరే మంత్రిత్వశాఖ. యురేనియమునకు అణుశక్తి శాఖ. గనిలో పనివాని ప్రాణరక్షణ చూచువారు మరొకరు. గని దుమ్మును, నీటిని చూచు కాలుష్య నియంత్రణ మండలి ఇంకొకరు. అన్నిటికిని వేరువేరు వెబ్‌సైట్లు. ఇంటి గోడ పగిలిన పల్లెటూరి మనిషికి తన ఊరి రాయి ఏ పంక్తిలో కూర్చున్నదో తెలియవలెనన్నచో ముందుగా ఈ శాస్త్రము చదువవలెను! చిన్నతరహా అను పేరు పత్రములలో చిన్నదే గాని, మన రాష్ట్రములో జనులు నిత్యము కన్నులార చూచునవి, చెవులార వినునవి ఈ క్వారీలే. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు హర్యానాకు సంబంధించిన దీపక్ కుమార్ కేసులో తీర్పు చెప్పువరకు, ఐదు హెక్టార్లకు లోపు క్వారీలు పర్యావరణ అనుమతి లేకుండనే నడచుచుండెడివి. ఆ తరువాత అనుమతి తప్పనిసరి అయినది. అయితే ఇట్టి చిన్న విడి క్వారీలకు సాధారణముగా ప్రజాభిప్రాయ సేకరణ సభ ఉండదు. సభ లేనిచోట పత్రమే దిక్కు. ఆ పత్రమును పట్టుకొనుట ఎట్లు?

పరివేశ్‌లో ప్రతిపాదన సంఖ్య తెలిసినవారికి వెదకుట సులువు. ఆ సంఖ్య తెలియు వారు ఎవరు? దరఖాస్తు పెట్టినవారు, దానిని పరిశీలించు అధికారి. వారిద్దరికిని సమాచారము మునుపే తెలియును. గ్రంథాలయములో పుస్తకమును కొన్న రసీదు సంఖ్యపై తప్ప వెదకరాదని నియమము పెట్టినచో పాఠకుడు ఏమి చేయును? పేరుపై వెదకవచ్చునుగదా అందురు. పేరు అనగా లీజు పొందినవాని పేరు, లేదా ప్రాజెక్టు పేరు. మంచిర్యాల వైపునుండి వచ్చిన ఒక విద్యార్థి దీని రుచి చూచినాడు. వారి ఇంట గనిని గని అనరు, బాయి అందురు. బొగ్గు బాయి, బాయి పని, మా నాయిన బాయికి పోయిండు. సింగరేణి గనులకు పత్రములలో ఉన్న పేర్లు ఆంగ్ల అక్షరములు, అంకెలు: ఆర్.కె. 5, జి.డి.కె. 11 ఇంక్లైను, ఇట్లు. తండ్రిని అడిగి ఆ పేరు తెలిసికొన్న పిమ్మట ఆ అబ్బాయి పని కొంత ముందుకు సాగినది. తండ్రి గని కార్మికుడు కానివాడు ఎవరిని అడుగవలెను?

ఊరి పేరుపై వెదకినచో జరుగునది మరొక కథ. మా ఉప్పల్ పేరునే తీసికొందము. ఉప్పల్ అను రైల్వే స్టేషను ఇక్కడ లేదు; కాజీపేట, జమ్మికుంటల నడుమ కమలాపూర్ మండలములోని ఉప్పల్‌లో ఉన్నది. రెండు ఉప్పళ్ళ పత్రములు కలిసి వచ్చును. మా ఉప్పల్ 1978కి ముందు హైదరాబాదు జిల్లా, తరువాత రంగారెడ్డి జిల్లా, 2016 అక్టోబరు 11 తరువాత మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా. నేటి జిల్లా పేరుతో వెదకువానికి 2016కు ముందటి పత్రము కనబడదు. 2014కు ముందైనచో రాష్ట్రము పేరే వేరు. కాలుష్య నియంత్రణ మండలి పేరే వేరు. ఇక తెలుగు ఊళ్ళ పేర్లను ఆంగ్ల లిపిలో వ్రాయుట ఎవరి చేతివాటము వారిది. దీర్ఘమునకు ఒక ‘ఎ’ పెట్టువారు, రెండు పెట్టువారు, చివర ‘పురం’ను ‘పుర్’ చేయువారు. కంప్యూటరుకు మనవలె చెవి లేదుగదా. అది అక్షరము చూచును, ఉచ్చారణము వినదు.

ఇది పిల్లల అభ్యాసములో వచ్చిన ఇబ్బంది మాత్రమే అయినచో నేను ఈ వ్యాసము వ్రాయకుందును. లంబాపురము సంగతి చూడుడు.

నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ జలాశయమునకు సమీపమున లంబాపురము, పెద్దగట్టు అను చోట్ల యురేనియము ఉన్నట్లు అణుఖనిజ శాఖవారు కనుగొన్నారు. అక్కడ కడప శిలాసముదాయమునకు చెందిన క్వార్ట్‌జైటు పొరలు, వాటి అడుగునున్న ప్రాచీన గ్రానైటుపై పరచుకొని ఉన్నవి. ఆ రెండును కలియు తావున ఖనిజము చేరినది. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియావారు గనులు తెరువదలచినారు. ముడిఖనిజమును శుద్ధిచేయు కర్మాగారమును మొదట మల్లాపురము వద్ద, తరువాత దేవరకొండ వైపున సేరిపల్లి వద్ద పెట్టదలచినారు. 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. స్థానికులు, పర్యావరణవాదులు తీవ్రముగా వ్యతిరేకించినారు. గని తెరువబడలేదు. ఈ వ్యవహారము నల్లగొండ పల్లెలకే పరిమితమైనదని అనుకొనరాదు. హైదరాబాదునకు వచ్చు కృష్ణాజలములు సాగర్ నుండి అక్కంపల్లి జలాశయము మీదుగా వచ్చుచున్నవి. అనగా నగరములోని పెక్కు కుళాయిలకు ఆ కొండలతో బంధుత్వము ఉన్నది.

ఆ ప్రాంతమునుండి వచ్చిన ఒక విద్యార్థిని ఈ విషయమును ఎంచుకొన్నది. ఆమెకు దొరకినవి వార్తాపత్రికల ముక్కలు, ఉద్యమకారుల వ్యాసములు, సంస్థవారి ప్రకటనలు. 2003 నాటి ప్రభావ అంచనా నివేదిక గాని, సభలో ఎవరు ఏమి చెప్పినారో తెలుపు కార్యక్రమపత్రము గాని ఆమె చేతికి చిక్కలేదు. పరివేశ్ పుట్టుటకు పదిహేను ఏండ్ల ముందటి కథ ఇది. ఒక వైపువారు ప్రమాదమనిరి. ఒక వైపువారు ప్రమాదము లేదనిరి. రెండు మాటలకును ఆధారమైన కొలతలు ఎక్కడ? కొలతలు కనబడని చోట విజ్ఞానశాస్త్ర విద్యార్థి చేయగల పని ఏమియు లేదు. ఏదో ఒక పక్షమును నమ్ముటయే. ఇది నాకు చాల బాధ కలిగించిన విషయము.

మరల 2019లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యములో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము అన్వేషణ ప్రతిపాదన వచ్చినది. ప్రజలు ఆందోళన చేసినారు. 2019 సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము తవ్వకమునకు వ్యతిరేకముగా తీర్మానించినది. ఆ పత్రములకై మా తరగతివారు గనుల విభాగములో వెదకినారు. అవి అక్కడ ఉండవు. అన్వేషణ అనగా తవ్వకము కాదు. అడవిలో బోర్లు వేసి చూచుట. అది అటవీ సంరక్షణ చట్టము క్రింద వచ్చు అటవీ అనుమతి. కాబట్టి వేరే అర. ఊరివారి దృష్టిలో యంత్రము అడవిలోనికి వచ్చిన దినముననే గని మొదలు. కార్యాలయపు దృష్టిలో అది మరొక ఫైలు. పైగా అమ్రాబాద్ 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లా.

2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ ఒక మెమొరాండము వెలువరించినది. దాని ప్రకారము అణుఖనిజములు, కీలక ఖనిజములు, వ్యూహాత్మక ఖనిజములు తవ్వు ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణనుండి మినహాయింపు ఇచ్చినారు. దేశరక్షణకు, పరిశ్రమలకు ఆ ఖనిజములు త్వరగా కావలెనన్నది వారి వాదము. ఆ వాదము తప్పో ఒప్పో తేల్చుట ఈ వ్యాసము పని కాదు. అయితే సభ ఉన్నన్నాళ్ళు, పత్రము చదువలేని మనిషి కూడ షామియానా క్రింద నిలుచుండి కలెక్టరును నోటితో అడుగుటకు వీలుండెడిది. ఇప్పుడు ఆ నోరు కూడ పత్రమే కావలెను.

ఆ పత్రము ఏ భాషలో ఉన్నది? 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ఉత్తర్వు ప్రకారము, సభ జరుగునప్పుడు నివేదిక సంగ్రహమును ఆంగ్లములోను, స్థానిక భాషలోను ఉంచవలెను. కనీసము 30 దినముల గడువు ఇవ్వవలెను. సంగ్రహము తెలుగులో ఉండును. పూర్తి నివేదిక ఆంగ్లములో ఉండును. కొలతల పట్టికలు, బావుల నీటి విశ్లేషణము, గాలి నమూనాలు తీసిన తేదీలు అన్నియు ఆ పూర్తి నివేదికలోనే. సంగ్రహము పెండ్లి పత్రిక వంటిది. విందులో ఏమి వడ్డించెదరో అందులో ఉండదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము నాలుగవ సెక్షనులో, సమాచారమును వెల్లడించునప్పుడు స్థానిక భాషను దృష్టిలో ఉంచుకొనవలెనని స్పష్టముగా ఉన్నది. అయినను 2020లో ఆ ప్రభావ అంచనా ఉత్తర్వునే మార్చు ముసాయిదా వచ్చినప్పుడు, దానిని ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటిలోనికి అనువదింపుమని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశింపవలసి వచ్చినది. మంత్రిత్వశాఖవారు ఆ ఆదేశముపై సుప్రీంకోర్టుకు పోయినారు. దేశములోని ప్రతి పల్లెను తాకు ఒక నియమమును ఆ పల్లె భాషలో చెప్పుటకు ఇంత తగవు ఎందులకో నాకు అర్థము కాలేదు.

ఫోనులో అనువాద యంత్రము ఉన్నదిగదా అని విద్యార్థులు దానినే ఆశ్రయించినారు. ఒకడు తెచ్చిన అనువాదములో ‘పారిపోయిన ధూళి’ అని ఉన్నది. తరగతి అంతయు నవ్వినది. ఆంగ్లములో ఫ్యుజిటివ్ డస్టు అందురు. పొగగొట్టము ద్వారా గాక, లారీలు తిరుగు దారినుండి, తవ్విన కుప్పలనుండి గాలికి లేచు దుమ్ము అని దాని అర్థము. ‘రేగు దుమ్ము’ అన్నచో ప్రతి రైతుకు తెలియును. సింగరేణిలో బొగ్గుపైనున్న మట్టిని తొలగించి పోసిన గుట్టలను ఓ.బి. గుట్టలు అందురు. పాఠ్యపుస్తకములో అధిభారమని వ్రాసినచో కార్మికుని కుమారునికే అది తన ఊరి గుట్ట అని తట్టదు. మన పారిభాషిక పదకోశములు సంస్కృతమునుండి పదములు తెచ్చుకొన్నంత శ్రద్ధగా గని నోటినుండి తెచ్చుకొనలేదు. ఈ లోపమునకు మన ఉపాధ్యాయ వర్గమును కూడ బాధ్యులను చేయక తప్పదు.

ఇంతవరకు లోపములే చెప్పినాను. ఇట్లు కాక మరెట్లు ఉండవలెనో చూపుటకు దూరము పోనక్కరలేదు. నాచారములో ఉండు ఒక విద్యార్థికి ఊరు లేదు, గని లేదు. “సార్, నేనేమి వ్రాయవలెను?” అని అడిగినాడు. మీ ఇంటి గాలిని గురించి వ్రాయుమన్నాను. నాచారము పారిశ్రామికవాడలో కాలుష్య నియంత్రణ మండలివారు నిరంతరము గాలిని కొలుచు కేంద్రము పెట్టినారు. ఆ కొలతలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో గంటగంటకు కనబడును. నాచారము అని ఊరి పేరు కొట్టిన చాలును. ఏ గంటకు ఎంత ధూళి, ఎంత గంధక వాయువు అన్నది వచ్చును. నెల వెనుకకు పోయి చూడవచ్చును. తరగతిలో అంకెలతో వచ్చినవాడు ఈ పిల్లవాడు ఒక్కడే. అతని తెలివి ఎక్కువ అనుకొనవద్దు. అతని ప్రశ్న అడిగిన విధముననే ఆ సమాచారము అమర్చబడి ఉన్నది.

అతడును పొరపాటు చేయకపోలేదు. ఒక చలికాలపు ఉదయము ఒక్క గంటలో వచ్చిన పి.ఎం. 10 అంకెను తీసికొని, ప్రమాణము 60 గదా, రెండింతలు దాటినదని ఎఱ్ఱసిరాతో వ్రాసినాడు. 60 మైక్రోగ్రాములు సంవత్సరపు సగటుకు పెట్టిన హద్దు. 24 గంటల సగటుకు హద్దు 100. ఒక గంట అంకెను ఈ రెంటితోను పోల్చరాదు. 2009లో ప్రకటించిన ఈ ప్రమాణముల పట్టికను ప్రక్కన పెట్టి ఒక గంటసేపు చర్చించినాము. ఆ గంటలో పిల్లలు సగటు అనగా ఏమో నేర్చుకొన్నంతగా, గణితపు తరగతిలో ఎన్నడును నేర్చుకొని ఉండరు.

సామాన్యులు అంకెలను తప్పుగా చదివి గగ్గోలు పెట్టెదరు, కాబట్టి ఇంత వివరముగా ఇవ్వరాదని కొందరు పెద్దలు అందురు. వారి భయము పూర్తిగా నిరాధారము కాదు. త్రాగునీటిలో యురేనియమునకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన మార్గదర్శక హద్దు 1998లో లీటరుకు 2 మైక్రోగ్రాములు, 2004లో 15, 2011లో 30. మన అణుశక్తి నియంత్రణ మండలివారి హద్దు 60. లీటరుకు 20 మైక్రోగ్రాములున్న బావినీరు 2004 నాటి హద్దుతో చూచినచో పనికిరానిది, 2011 నాటి హద్దుతో చూచినచో పనికివచ్చునది. బావి మారలేదు, నీరు మారలేదు. పాత నివేదిక చదువువాడు అది ఏ సంవత్సరపు కొలబద్దతో కొలిచినదో చూడనిచో తప్పక పొరబడును. అయితే దీనికి మందు, ప్రతి అంకె ప్రక్కన దాని సంవత్సరమును, దాని ప్రమాణమును వ్రాయుట. అంకెను దాచుట మందు కాదు.

ఈ విషయమున ఒక చేదు నిజము ఉన్నది. 1984 డిసెంబరులో భోపాలులో విషవాయువు వెలువడి వేలమంది మరణించినారు. ఆ దుర్ఘటనను చూచి బెదరిన అమెరికా దేశము 1986లో ప్రజలకు తెలిసికొను హక్కునిచ్చు చట్టము చేసినది. ఏ కర్మాగారము ఏ విషపదార్థమును ఎంత విడచినదో ఏటేట ప్రకటింపవలెనని అందులో ఉన్నది. 1998 సంవత్సరపు లెక్కలనుండి లోహపు గనులను కూడ అందులో చేర్చినారు. చేర్చిన వెంటనే మొత్తము పరిమాణములో గనులదే మొదటి స్థానమైనది. తవ్వి కుప్పవేసిన రాతిలో సహజముగా ఉన్న లోహములను కూడ లెక్కింపవలసి వచ్చుటచేత అంత పెద్ద అంకె వచ్చినదని గనుల యజమానులు వాదించినారు. వారి మాటలోను కొంత పస ఉన్నది. ఆ వాదము కూడ ప్రజల ఎదుటనే జరిగినది గమనింపుడు. ఆ జాబితాను అక్కడివారు తమ తపాలా సంఖ్యతో వెదకవచ్చును. భోపాలులో మరణించినవారు మనవారు. ఆ పాఠముతో అమెరికా పల్లెటూరివాడు తన తపాలా సంఖ్య కొట్టి జవాబు పొందుచున్నాడు. మనకును 1972నుండి పిన్ కోడులున్నవి. నాచారము 500076, ఉప్పల్ 500039. ప్రతి గ్రామపంచాయతికి కేంద్రప్రభుత్వపు జాబితాలో ఒక సంకేతసంఖ్య ఉన్నది. బ్యూరో ఆఫ్ మైన్స్‌వారు 2016లో ప్రారంభించిన ఉపగ్రహ నిఘా పద్ధతి, లీజు హద్దుల చుట్టు 500 మీటర్లలో అక్రమ తవ్వకమును పసిగట్టుటకు ఉద్దేశింపబడినది. ఆకాశమునుండి ఐదువందల మీటర్లు చూడగల మనకు, ఒక అనుమతి పత్రముపై గ్రామ సంకేతసంఖ్య వేసి దానిపై వెదకనిచ్చుట కష్టమైన విద్య కాదు.

అది జరుగు వరకు ఉపాధ్యాయులు ఏమి చేయవలెనని అడుగవచ్చును. నేను రెండవ మారు అదే పనిని ఇచ్చినప్పుడు క్రమము మార్చినాను. ముందు కంప్యూటరు వద్దకు పోవద్దన్నాను. ఊరిలో పెద్దవారిని అడిగి, క్వారీ ఉన్న సర్వే నంబరు, ఊరి పాత జిల్లా పేరు, ఆంగ్లములో ఊరి పేరు వ్రాయు రెండు మూడు విధములు, తవ్వు ఖనిజమును గనివారు ఏమందురో, ప్రభుత్వము ఏమనునో తెలిసికొని ఒక కాగితముపై వ్రాసికొనుమన్నాను. ఆ కాగితము చేతనుంచుకొని వెదకినచో మునుపు మూడు రోజులకు దొరకనిది కొందరికి ఒక పూటలో దొరకినది. దొరకిన ప్రతి పత్రమును వెంటనే దించి, దించిన తేదీ వేసి భద్రపరచుకొన్నారు. ప్రభుత్వ వెబ్‌సైట్లు రూపము మార్చుకొన్నప్పుడెల్ల పాత చిరునామాలు చచ్చిపోవుట మామూలు. చచ్చిన చిరునామాలను కొంతవరకు ఇంటర్నెట్ ఆర్కైవ్ అను అమెరికా సంస్థవారి భాండాగారములో వెలికితీయవచ్చును. పైన చెప్పిన 2006 నాటి ఉత్తర్వులో, సభకు ముందు నివేదిక ప్రతులను కలెక్టరు కార్యాలయములోను, జిల్లా పరిషత్తులోను, స్థానిక సంస్థ కార్యాలయములోను ఉంచవలెనని ఉన్నదని కూడ విద్యార్థులకు చెప్పినాను. కాగితము ఇంకను కాగితముగా ఉన్న చోట్లు అవి.

రాతి క్వారీ ఊరి అమ్మాయి ఈ మారు మూడు ప్రశ్నలకు జవాబు తెచ్చినది. గ్రానైటు, జిల్లా గనుల శాఖవారి లీజు, పర్యావరణ అనుమతిలో షరతులు, వాటిలో దారిపై నీళ్ళు చల్లుట, హద్దు చుట్టు చెట్లు నాటుట ఉన్నవి. నాల్గవది, ఆ షరతులు నెరవేరుచున్నవా అన్నది, ఖాళీగా వదలినది. అనుమతి పొందినవారు ప్రతి సంవత్సరము జూన్ 1, డిసెంబరు 1 తేదీలలో షరతుల అమలుపై అర్ధవార్షిక నివేదిక ఇవ్వవలెను, అది ప్రజాపత్రము. ఆమె వెదకిన దినమున తమ క్వారీది ఏదియు కనబడలేదు. ఆ గడిలో పెన్సిలుతో “జూన్ 1 తరువాత మరల చూడవలెను” అని వ్రాసి ఇచ్చినది. నేను ఆ గడికి మార్కులు వేయక, నోటుబుక్కు నా వద్దనే ఉంచుకొన్నాను.